పాత డాడ్జ్ ఛార్జర్‌కి కొత్త వైరింగ్, కొత్త కూలింగ్: మొదటి నుంచి చివరిదాకా

ఇంజిన్‌కి ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టారు, ఏసీ వేయించారు, రేడియేటర్ వెనక రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు బిగించారు. కారు మాత్రం 1969 నాటిది, అందులోని వైర్లూ అప్పటివే. 1968, 69, 70 మోడల్ డాడ్జ్ ఛార్జర్ కొని మార్పులు చేయించుకున్నవాళ్ళు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ట్రాఫిక్‌లో బండి వేడెక్కుతోందని ఇంకా పెద్ద ఫ్యాను తెస్తారు. పెద్ద ఫ్యాను పెట్టగానే హెడ్‌లైట్లు మసకబారతాయి, డాష్‌బోర్డు కింద నుంచి కాలిన వాసన మొదలవుతుంది. వోల్టేజీ చాలక ఫ్యాను పూర్తి వేగంతో తిరగదు. బండి మళ్ళీ వేడెక్కుతుంది.

అందుకే ఈ రెండింటినీ ఒకే పనిగా చూడాలి. ముందు వైరింగ్, ఆ తర్వాతే కూలింగ్. ఈ వరుస మార్చవద్దని గట్టిగా చెబుతాను. టెక్సస్‌లో, ముఖ్యంగా ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉన్న మన తెలుగువాళ్ళలో ఈ కార్ల మీద మోజున్నవాళ్ళు ఉన్నారు. జూలైలో అక్కడ 38, 40 డిగ్రీలు మామూలు. ఆ ఎండలో హైవే మీద ట్రాఫిక్ ఆగిపోతే పాత 440 (440 క్యూబిక్ అంగుళాల పెద్ద వీ8) ఇంజిన్ ఎంత టెన్షన్ పెడుతుందో కారున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ చెప్పే వైర్ల రంగులు, కనెక్షన్లు డాడ్జ్‌ని తయారుచేసిన క్రైస్లర్ కంపెనీ కార్లవి. మస్టాంగ్, కమారో ఉన్నవాళ్ళకి కూలింగ్ భాగం దాదాపు అలాగే పనికొస్తుంది. వైరింగ్‌కి మాత్రం తమ కారు డయాగ్రమ్ దగ్గర పెట్టుకోవాలి.

ఏమీ కొనకముందు కొలవండి

కావలసినవి మూడే: మంచి మల్టీమీటర్, దూరం నుంచి వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, ఒక నోట్‌బుక్.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తూ) ఉండగా లైట్లు, ఏసీ బ్లోయర్, ఫ్యాన్లు అన్నీ వేయండి. బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య వోల్టేజీ చూసి రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న బండిలో అది 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 12.5 కిందకి పోతుంటే అల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే భాగం) ఇచ్చేదానికన్నా బండి తినేది ఎక్కువని అర్థం. ఇప్పుడు మల్టీమీటర్ ఒక తీగని అల్టర్నేటర్ అవుట్‌పుట్ స్టడ్ (వైరు బిగించే బోల్టు) మీద, రెండోదాన్ని బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టండి. అక్కడ కనిపించేది దారిలో పోతున్న వోల్టేజీ. 0.3 దాటితే దారి బాగాలేదు. పాత ఛార్జర్లలో ఇది ఒక వోల్టు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

వేడి సంగతికొస్తే, బండి ఎప్పుడు వేడెక్కుతోందన్నదే అసలు ప్రశ్న. ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, కదలగానే చల్లబడితే రేడియేటర్‌కి గాలి చాలడం లేదు. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే నీళ్ళ ప్రవాహమో, రేడియేటర్ సామర్థ్యమో తక్కువ. రెండు చోట్లా వేడెక్కితే ఇగ్నిషన్ టైమింగ్, ఇంధన మిశ్రమం, హెడ్ గాస్కెట్, బ్లాకులో పేరుకున్న తుప్పు, ఇవన్నీ చూడాలి. టైమింగ్ బాగా వెనక్కి ఉన్నా (అంటే స్పార్క్ ఆలస్యంగా వస్తున్నా), స్పార్క్‌ని ముందుకి జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం పీకేసి ఉన్నా ఐడిల్‌లో ఇంజిన్ అనవసరంగా కాగిపోతుంది. ఇది సరిచేయడానికి టైమింగ్ లైటు ఒక్కటి చాలు, కాబట్టి ముందు ఇదే చూడండి. రేడియేటర్ కొన్నాక చూసుకుంటే డబ్బు వృథా.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఒక జాగ్రత్త. మెరిసే అల్యూమినియం మీద అది ఉన్న వేడికన్నా తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్ళని రేడియేటర్‌కి వదిలే వాల్వు) హౌసింగ్ మీద, రేడియేటర్ ట్యాంకుల మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించి, దాని మీదే గురిపెట్టండి.

పాత దారిలో కరెంటు ఎలా నడుస్తుంది

ఇది అర్థమైతే సగం పని అయినట్టే. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

ఆ రోజుల్లో క్రైస్లర్ కార్ల డాష్‌బోర్డులో ఆమ్మీటర్ ఉండేది. స్టార్టర్ మోటారుది తప్ప, బ్యాటరీలోకి వెళ్ళే కరెంటు, బయటికి వచ్చే కరెంటు అంతా ఆ మీటర్ గుండానే పోవాలి. అల్టర్నేటర్ నుంచి నల్ల వైరు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్యనున్న రేకు గోడ) మీదున్న బల్క్‌హెడ్ కనెక్టర్ దాటి క్యాబిన్‌లోకి వస్తుంది. డాష్ కింద ఒక వెల్డ్ చేసిన జాయింట్ దగ్గర ఆ వైరు చీలి ఇగ్నిషన్ స్విచ్‌కి, హెడ్‌లైట్ స్విచ్‌కి, ఫ్యూజ్ బాక్స్‌కి కరెంటు ఇస్తుంది. మిగిలినది ఆమ్మీటర్ దాటి ఎర్ర వైరులో మళ్ళీ బల్క్‌హెడ్ కనెక్టర్ గుండా ఇంజిన్ వైపుకి వచ్చి, ఫ్యూజిబుల్ లింక్ (కరెంటు మరీ ఎక్కువైతే కరిగి తెగే వైరు ముక్క) మీదుగా స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) స్టడ్‌కి, అక్కడి నుంచి బ్యాటరీకి చేరుతుంది.

కారు కొత్తగా ఉన్నప్పుడు ఇందులో తప్పేమీ లేదు. ఆనాటి అల్టర్నేటర్ ఇచ్చేదే 40 ఆంపియర్ల చుట్టుపక్కల. బ్యాటరీ నిండాక ఆమ్మీటర్ గుండా పోయే కరెంటు దాదాపు సున్నా.

ఇప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు తెచ్చి, సులువుగా ఉంటుందని వాటి వైరు నేరుగా బ్యాటరీకి కలిపారనుకోండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ 30 ఆంపియర్లూ రావలసింది అల్టర్నేటర్ నుంచే. అంటే అవి బల్క్‌హెడ్ కనెక్టర్ ఒకసారి దాటి లోపలికొచ్చి, ఆమ్మీటర్ దాటి, బల్క్‌హెడ్‌ని రెండోసారి దాటి బయటికి పోయి, అప్పుడు బ్యాటరీ దగ్గర ఫ్యానుకి చేరాలి. ఫ్యాను ఉన్నది అల్టర్నేటర్‌కి రెండడుగుల దూరంలో, కరెంటు మాత్రం డాష్‌బోర్డు చుట్టి వస్తోంది. ఫ్యాన్లు తిరిగినంతసేపూ ఆమ్మీటర్ ముల్లు ఛార్జ్ వైపు ఒరిగే ఉంటుంది. బ్యాటరీ ఛార్జ్ అవుతోందని చాలామంది పొరబడతారు.

ఆ కనెక్టర్ విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. నేను చూసిన ఒక కారులో ఎర్ర వైరు వచ్చే గడి చుట్టూ ప్లాస్టిక్ బుడగలు లేచి గట్టిపడింది. లోపలి ఇత్తడి టెర్మినల్ నీలం, నలుపు కలిసిన రంగుకి తిరిగింది. దాన్ని పట్టి ఉంచాల్సిన రేకు స్ప్రింగు బిగువు పోయి వదులుగా ఆడుతోంది. వైరు మీది తొడుగు ఒక వేలి పొడవున బిరుసెక్కి, వంచగానే పెళుసుగా విరిగింది. పక్క గడులన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. పట్టు వదులైతే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది, దానితో వేడి, వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. ఆమ్మీటర్ వెనక స్టడ్‌ల కిందున్న ఇన్సులేటర్ వాషర్లు కూడా యాభై ఏళ్ళలో కుంచించుకుపోయి నట్లు లూజవుతాయి. డాష్ కింద మంట లేచేది చాలావరకు ఈ రెండు చోట్ల నుంచే.

మొదటి పని: కొత్త మెయిన్ కేబుల్

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పాజిటివ్ ముందు తీస్తే స్పానర్ బాడీకి తగిలి మెరుపులొస్తాయి.

అల్టర్నేటర్ అవుట్‌పుట్ నుంచి స్టార్టర్ రిలే స్టడ్ దగ్గర పెట్టే కొత్త జంక్షన్ బ్లాకుకి లావు కేబుల్ నేరుగా లాగాలి. 100 ఆంపియర్లు పైబడిన అల్టర్నేటర్‌కి 4 గేజ్ వాడండి. అమెరికన్ గేజ్‌లో నంబరు తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. రెండు మీటర్ల 4 గేజ్ కేబుల్‌లో 100 ఆంపియర్లు పోతే దారిలో పోయేది 0.16 వోల్టు. అదే 8 గేజ్ అయితే 0.4 దాటుతుంది. బ్యాటరీ వైపు చివర్లో, వీలైనంత దగ్గరగా ఫ్యూజ్ పెట్టాలి. 120 ఆంపియర్ల అల్టర్నేటర్‌కి 150 ఆంపియర్ల బోల్టు తరహా ఫ్యూజ్ సరిపోతుంది. ఫ్యూజ్ బ్యాటరీ వైపే ఎందుకంటే, కేబుల్ ఎక్కడైనా బాడీకి రాసుకుని షార్ట్ అయితే వందల ఆంపియర్లు కక్కగలిగేది బ్యాటరీ.

తర్వాత ఆమ్మీటర్. దాని రెండు స్టడ్‌ల మీదున్న నలుపు, ఎరుపు వైర్లు రెండూ తీసి, ఒకే బోల్టుకి బిగించి, మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు తొడిగి గట్టిగా మూసేయండి. మీటర్ చూపుకి అలాగే ఉంటుంది, దానిలోంచి కరెంటు పోదు. బ్యాటరీ స్థితి తెలియడానికి ఒక వోల్ట్‌మీటర్ చేర్చుకుంటే చాలు. నన్నడిగితే వోల్ట్‌మీటరే ఎక్కువ ఉపయోగం.

బల్క్‌హెడ్ కనెక్టర్‌లో ఈ రెండు మెయిన్ వైర్ల గడులు ఇక వాడకండి. ఆ గడులకి రంధ్రం చేసి మధ్యలో జాయింట్ లేకుండా ఒకే వైరు లోపలికి తీసుకెళ్ళవచ్చు. లేదా ఫైర్‌వాల్‌లో వేరే చోట రంధ్రం చేసి, రబ్బరు గ్రోమెట్ పెట్టి పంపవచ్చు. గ్రోమెట్ లేకుండా రేకు అంచు మీదుగా వైరు ఎప్పుడూ పోకూడదు.

మొత్తం హార్నెస్ (కారులోని వైర్ల కట్ట) మారుస్తున్నారా? అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీ నమూనాలో చేసే రీప్రొడక్షన్ హార్నెస్‌లు చూడటానికి అచ్చం ఒరిజినల్‌లా, చాలా బాగుంటాయి. కానీ కరెంటు దారి కూడా పాతదే, మళ్ళీ ఆమ్మీటర్ గుండానే. మార్పులు చేయని కారుకి అవే సరైనవి. ఫ్యాన్లు, ఇంజెక్షన్ ఉన్న కారుకి అమెరికన్ ఆటోవైర్, పెయిన్‌లెస్ లాంటి సంస్థలు అమ్మే, బ్లేడ్ ఫ్యూజ్‌లున్న ఆధునిక కిట్టే మేలు.

అల్టర్నేటర్ ఎంతది కావాలి

మీ బండి తినేదంతా కూడండి. మార్పులు చేసిన ఛార్జర్‌లో రెండు ఫ్యాన్లకి 30 ఆంపియర్లు, ఇంజెక్షన్, ఫ్యూయెల్ పంప్, ఇగ్నిషన్ కలిపి 20, హై బీమ్‌లో నాలుగు హెడ్‌లైట్లకి 15 దాకా, ఏసీ బ్లోయర్, కంప్రెసర్ క్లచ్ కలిపి 20, టెయిల్ లైట్లు, వైపర్లు, పాటలు ఇంకో 10 అనుకుంటే 95 అవుతుంది. 120 ఆంపియర్లది తీసుకుంటే సరిపోతుంది. అయితే డబ్బా మీద రాసే అంకె ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పటిది. ఐడిల్‌లో అందులో సగమే ఇచ్చేవి ఉన్నాయి. మనకి ఫ్యాన్లు అవసరమయ్యేదేమో సరిగ్గా ఐడిల్‌లోనే. కొనేముందు ఐడిల్ అవుట్‌పుట్ ఎంతో తప్పకుండా అడగండి.

1969 వరకు ఈ కార్ల అల్టర్నేటర్‌కి దాని కాయిల్‌కి కరెంటు ఇచ్చే ఫీల్డ్ వైరు ఒక్కటే, బయట మెకానికల్ రెగ్యులేటర్ (అల్టర్నేటర్ వోల్టేజీని అదుపు చేసే భాగం). 1970 నుంచి రెండు ఫీల్డ్ వైర్లు, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్. రెండూ కలిపి వాడితే కుదరదు. లోపలే రెగ్యులేటర్ ఉన్న కొత్త అల్టర్నేటర్ పెడితే పాత రెగ్యులేటర్‌ని పూర్తిగా తీసేసి, దాని వైర్ల చివరలు మూసేయాలి. పాత రెగ్యులేటరే ఉంచుతున్నట్టయితే ఇంకో విషయం చూడాలి. అది తనకి ఇగ్నిషన్ వైరులో అందే వోల్టేజీని బట్టి పనిచేస్తుంది. ఆ వైరులో ఒక వోల్టు పోతుంటే బ్యాటరీ ఖాళీగా ఉందని భ్రమపడి 15 వోల్టులు తోస్తుంది, బ్యాటరీ ఉడికిపోతుంది. అలాంటప్పుడు రెగ్యులేటర్‌కి ఒక రిలే పెట్టి నేరుగా కరెంటు ఇవ్వండి.

ఎర్త్

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇది. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకి లావు కేబుల్, బ్లాకు నుంచి ఫైర్‌వాల్‌కి ఒకటి, బ్లాకు నుంచి ఫ్రేమ్‌కి ఇంకొకటి. కలిపే చోట పెయింట్ గీకి మెరిసే ఇనుము కనపడాలి. కింద పళ్ళున్న స్టార్ వాషర్ వేసి, బిగించాక పైన గ్రీజు రాయండి. కొత్తగా పెయింట్ వేసిన కార్లలో వచ్చే వింత రోగాల్లో చాలావాటికి, ఉదాహరణకి ఇండికేటర్ వేస్తే ఫ్యూయెల్ ముల్లు ఊగడానికి, కారణం పెయింట్ మీద బిగించిన ఎర్తే. స్టార్టర్ తిప్పుతూ బ్లాకుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలిస్తే 0.2 వోల్టు మించకూడదు.

ఇగ్నిషన్ వైర్లలో క్రైస్లర్ మెలిక

కొత్తగా ఇంజెక్షన్ పెట్టినవాళ్ళు స్టార్టర్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదని తల పట్టుకుంటారు. తాళం రన్ స్థానంలో ఉన్నప్పుడు నీలం వైరులో కరెంటు ఉంటుంది. స్టార్ట్‌కి తిప్పగానే ఆ నీలం వైరు చచ్చిపోతుంది, బదులుగా బ్రౌన్ వైరులోకి కరెంటు వస్తుంది. పాత ఏర్పాటులో రన్ కరెంటు బల్లాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి పోయే వోల్టేజీని తగ్గించే భాగం) గుండా పోయి, స్టార్ట్ అప్పుడు మాత్రం పూర్తి వోల్టేజీ కాయిల్‌కి అందేది. ఇంజెక్షన్ కంప్యూటర్‌కి నీలం వైరు ఒక్కటే కలిపితే స్టార్టర్ తిరుగుతున్నంతసేపూ అది నిద్రపోతుంది. బల్లాస్ట్ అవసరం లేని కొత్త ఇగ్నిషన్ పెట్టినప్పుడు ఆ రెసిస్టర్ తీసేసి, నీలం, బ్రౌన్ రెండూ అక్కడే కలిపేయండి. ఆ కలిసిన చోటు నుంచి ఒక రిలేని నడిపి, కంప్యూటర్ ఆన్ సిగ్నల్ ఆ రిలే నుంచి తీసుకోండి. కంప్యూటర్ మెయిన్ పాజిటివ్, నెగటివ్ రెండూ నేరుగా బ్యాటరీకే పోవాలి. ఆ వైర్లని స్పార్క్ ప్లగ్ వైర్ల పక్కన కట్టకండి.

రిలేలు, వైర్లు, క్రింపింగ్

హెడ్‌లైట్లకి తప్పనిసరిగా రిలేలు పెట్టండి. ఒరిజినల్ ఏర్పాటులో లైట్ల కరెంటంతా డాష్ మీది స్విచ్ గుండానే పోతుంది. రిలే పెడితే స్విచ్ మోసేది చిటికెడు కరెంటు, పైగా లైట్లు కంటికి తెలిసేంత ప్రకాశంగా వెలుగుతాయి. రిలేలో 30 నంబరు పిన్నుకి ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ కరెంటు, 87కి లోడు, 85, 86ల మధ్య కాయిల్. ఫ్యాన్లకీ ఇదే పద్ధతి.

ఇంజిన్ దగ్గర వాడే వైరు జీఎక్స్ఎల్ లేదా టీఎక్స్ఎల్ రకం కావాలి. వాటి తొడుగు 125 డిగ్రీలు తట్టుకుంటుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు పీవీసీ వైరు ఎగ్జాస్ట్ పక్కన మెత్తబడిపోతుంది.

క్రింపింగ్‌కి (టెర్మినల్‌ని వైరు మీద నొక్కి బిగించడానికి) రాచెట్ ఉన్న, టెర్మినల్‌కి సరిపడే దవడలున్న టూలే కొనండి. ఇందులో పిసినారితనం వద్దు. రేకు రెక్కలు రాగి పోగులని రెండువైపుల నుంచీ చుట్టి లోపలికి ముడుచుకోవాలి. వెనక రెక్కలు తొడుగుని పట్టుకోవాలి. లాగి చూస్తే కదలకూడదు. సోల్డర్ చేస్తే గట్టిగా ఉంటుందని మనలో ఒక నమ్మకం ఉంది. కానీ కదిలే బండిలో సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసై, అదురుకి సరిగ్గా అక్కడే తెగుతుంది. మంచి క్రింప్, మీద హీట్ ష్రింక్, కాస్త దూరంలో ఒక క్లాంపు ఉంటే ఏళ్ళ తరబడి నిలబడుతుంది. వైరుని కొరికి పట్టే ప్లాస్టిక్ ట్యాప్ కనెక్టర్లు కనిపిస్తే తీసి పారేయండి.

డాష్ విప్పినప్పుడే గేజ్‌ల వోల్టేజీ లిమిటర్ కూడా మార్చేయండి. ఫ్యూయెల్, టెంపరేచర్ గేజ్‌లకి 5 వోల్టుల లెక్కన కరెంటు ఇచ్చే చిన్న భాగం అది. పాతది ఆన్‌లోనే అతుక్కుపోతే గేజ్‌లు కాలిపోతాయి. ఎలక్ట్రానిక్‌ది దొరుకుతుంది.

అంతా అయ్యాక బ్యాటరీని ఒక్కసారిగా కలపొద్దు. నెగటివ్ టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య ఒక 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బు పెట్టండి. అన్నీ ఆఫ్‌లో ఉండగా బల్బు పూర్తిగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది. వెలగకపోతే నిశ్చింతగా కలపవచ్చు. ఏదైనా పొరపాటు ఉంటే బల్బు వెలుగుతుంది తప్ప కొత్త హార్నెస్ కాలదు.

ఇప్పుడు కూలింగ్: ముందు శుభ్రం

కొత్త రేడియేటర్ పెట్టేముందు బ్లాకు కడగండి. యాభై ఏళ్ళ తుప్పు, పోత పోసినప్పుడు మిగిలిపోయిన ఇసుక వెనక సిలిండర్ల చుట్టూ అడుగున పేరుకుని ఉంటాయి. బ్లాకుకి రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు తీయండి. తీసినా నీళ్ళు రాకపోతే గట్టి తీగతో పొడవాలి. బురద ఎక్కువగా ఉంటే ఫ్రీజ్ ప్లగ్గులు (బ్లాకు పక్కల రంధ్రాలు మూసే రేకు బిళ్ళలు) కూడా తీసి హోసు పైపుతో కడగడమే మార్గం. ఇది చేయకుండా కొత్త రేడియేటర్ పెడితే ఆ చెత్తంతా దాని సన్నని గొట్టాల్లోకి చేరుతుంది.

పాత కూలెంట్‌ని నేల మీద వదలకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండి కుక్కలు నాకుతాయి, అది వాటికి ప్రాణాంతకం.

రేడియేటర్, థర్మోస్టాట్, మూత

ఈ కార్లకి 22 అంగుళాలు, 26 అంగుళాల వెడల్పు రేడియేటర్లు వచ్చేవి. 383, 440 ఇంజిన్‌కి, అందులోనూ ఏసీ ఉంటే, 26 అంగుళాలది కావాలి. మీ కారు 22తో వచ్చి ఉంటే ముందున్న సపోర్టు రేకులో కిటికీ కూడా చిన్నదే, దాన్ని కోసి పెంచకపోతే కొత్త రేడియేటర్ అంచులకి గాలి అందదు. అల్యూమినియంలో ఒక అంగుళం వెడల్పు గొట్టాలు రెండు వరుసలున్నది చూడండి. వరుసలు ఎక్కువైతే చల్లదనం ఎక్కువని అనుకోవద్దు. మూడో, నాలుగో వరుసకి చేరేసరికి గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది.

థర్మోస్టాట్ 82 డిగ్రీలది, స్ప్రింగు ఇంజిన్ వైపు ఉండేలా. అంచులో 3 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే లోపల గాలి చిక్కుకోదు. థర్మోస్టాట్ పూర్తిగా తీసేసి నడపడం పరిష్కారం కాదు, మూలకారణం అలాగే ఉండిపోతుంది. మూత 16 పీఎస్ఐది చాలు. ఒత్తిడి పెరిగితే మరిగే స్థాయి పెరుగుతుంది. సగం నీళ్ళు, సగం కూలెంట్ కలిపిన మిశ్రమం ఈ ఒత్తిడిలో దాదాపు 129 డిగ్రీల దాకా మరగదు. నీళ్ళు డిస్టిల్డ్‌వే పోయండి. కింది హోసులో లోపల స్ప్రింగు ఉందో లేదో చూడండి. హైవే వేగంలో పంపు పీల్చే ఒత్తిడికి మెత్తబడిన హోసు నొక్కుకుపోతే నీళ్ళు ఆగిపోతాయి. ఆగి చూస్తే మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఈ రోగం పట్టుకోవడం కష్టం.

ఫ్యాను: బెల్టుదా, కరెంటుదా

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏసీ లేని కారుకి, వేడిని బట్టి పట్టుకునే క్లచ్ ఉన్న ఏడు రెక్కల బెల్టు ఫ్యాను, దానికి సరైన ష్రౌడ్ (గాలి మొత్తం రేడియేటర్ గుండానే వచ్చేలా ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు) ఉంటే, చవక ఎలక్ట్రిక్ ఫ్యాన్లకన్నా చాలా నయం. రెక్కలు సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. ష్రౌడ్ లేని ఫ్యాను తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ దండగ.

ఏసీ ఉండి, ట్రాఫిక్‌లో ఎక్కువగా తిరిగేవాళ్ళకి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు మంచివి, ఐడిల్‌లో కూడా పూర్తి గాలి ఇస్తాయి. డబ్బా మీద రాసిన గాలి లెక్కలు కాకుండా, మోటారు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో చూడండి. 8 ఆంపియర్లతో తిరిగే ఫ్యాను 440 ఇంజిన్‌ని చల్లబరచలేదు. పాత ఫోర్డ్ కాంటూర్ కారు జంట ఫ్యాన్లు తమ ష్రౌడ్‌తో సహా వస్తాయి కాబట్టి చాలామంది వాటినే వాడతారు. ఫిన్నుల్లోంచి ప్లాస్టిక్ తీగలు దూర్చి ఫ్యాను కట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అదురుకి అవి గొట్టాలని కోసేస్తాయి. ష్రౌడ్‌లో రబ్బరు తలుపులు ఉంటే వేగంలో వచ్చే గాలి వాటిని తోసుకుని బయటికి పోతుంది. లేకపోతే హైవే మీద ష్రౌడే అడ్డవుతుంది.

రెండు ఫ్యాన్లకి రెండు వేరు రిలేలు, రెండు వేరు ఫ్యూజ్‌లు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకి రెండు మూడు రెట్లు లాగుతుంది కాబట్టి ఒకటి తర్వాత ఒకటి మొదలయ్యేలా అమర్చండి. జంక్షన్ బ్లాకు నుంచి 10 గేజ్ వైరు లాగండి. 30 ఆంపియర్లు మూడు మీటర్ల 14 గేజ్ వైరులో పోతే 0.75 వోల్టు దారిలోనే పోతుంది, 10 గేజ్‌లో పోయేది 0.3. ఎర్త్ వైరు కూడా అంతే లావుండాలి, అది బాడీకో బ్యాటరీకో పోవాలి. రేడియేటర్‌కి మాత్రం ఎర్త్ ఇవ్వొద్దు. కూలెంట్ గుండా కరెంటు పోతే అల్యూమినియం లోపల్నుంచి తినేసుకుపోయి చిల్లులు పడతాయి. రేడియేటర్‌ని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టండి.

ఫ్యాను ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలన్నది థర్మోస్టాట్‌ని బట్టి పెట్టాలి. 82 డిగ్రీల థర్మోస్టాట్‌తో మొదటి ఫ్యాను 93 దగ్గర మొదలై 85 దగ్గర ఆగేలా, ఏసీ వేయగానే రెండోది తిరిగేలా పెట్టండి. ఆగే స్థాయి 82 కంటే కింద పెడితే ఫ్యాను ఎప్పటికీ ఆగదు. సెన్సర్‌ని వాటర్ పంపు హౌసింగ్‌లోనో థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గరో నీళ్ళకి తగిలేలా బిగించాలి, రేడియేటర్ ఫిన్నుల్లో గుచ్చే రకం నమ్మదగింది కాదు. ఒకే వైరున్న సెన్సర్ ఎర్త్ దాని మరల గుండానే అందుతుంది, అందుకని వాటికి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టకండి.

నింపడం, పరీక్షించడం

బండి ముందు భాగం ఎత్తి, హీటర్ తెరిచి, మెల్లగా నింపండి. మూత లేకుండా ఇంజిన్ నడుపుతూ, థర్మోస్టాట్ తెరుచుకుని పై హోసు వేడెక్కేదాకా ఉండి, బుడగలు ఆగాక మళ్ళీ నింపి మూత పెట్టండి. పొంగిన కూలెంట్ తిరిగి లోపలికి వచ్చేలా రికవరీ ట్యాంకు పెట్టండి. ఒకసారి మూత పెట్టాక, వేడిగా ఉన్నప్పుడు దాని జోలికి పోవద్దు.

తర్వాత ఎండ ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం, ఏసీ, లైట్లు అన్నీ వేసి, బయట ఖాళీ స్థలంలో బండిని అరగంట ఐడిల్‌లో ఉంచండి. వేడి 95 దాటకుండా నిలబడాలి, వోల్టేజీ 13.5 కిందకి పోకూడదు. అదే సమయంలో థర్మామీటర్‌ని వైరింగ్ మీద కూడా తిప్పండి: జంక్షన్ బ్లాకు, ఫ్యూజ్ హోల్డర్లు, రిలే సాకెట్లు, బల్క్‌హెడ్ కనెక్టర్. పక్కవాటికన్నా ఒకటి బాగా వేడిగా కనిపిస్తే అక్కడ క్రింప్ సరిగ్గా పడలేదు, మళ్ళీ చేయాల్సిందే. ఆ తర్వాత హైవే మీద అరగంట, వచ్చాక ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి. ఆపిన వెంటనే వేడి కాసేపు పైకి పోవడం సహజం, స్టార్ట్ చేశాక రెండు మూడు నిమిషాల్లో దిగిపోవాలి.

ఒక రాత్రి ఆపి ఉంచాక, అన్నీ ఆఫ్‌లో ఉండగా బ్యాటరీ నుంచి పోతున్న కరెంటు కొలవండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఏదో రిలేకో, ఇంజెక్షన్ కంప్యూటర్‌కో కరెంటు తప్పు చోటు నుంచి వస్తోంది, ఒక్కో ఫ్యూజ్ తీసుకుంటూ వెతకండి. మొదటి కొన్ని వందల మైళ్ళు తిరిగాక ఎర్త్ బోల్టులు, జంక్షన్ బ్లాకు నట్లు, హోసు క్లాంపులు ఇంకోసారి బిగించండి. మీరు మార్చిన వైర్ల డయాగ్రమ్ రంగులు, ఫ్యూజ్ అంకెలతో సహా గీసి గ్లవ్ బాక్స్‌లో పెట్టండి. రోడ్డు మీద రాత్రిపూట ఏదైనా ఆగిపోతే, ఫ్యాక్టరీ డయాగ్రమ్ ఇప్పుడు మీ కారుకి పనికిరాదు.